హెప్సిబా వాగ్దానం కార్డును గోడవైపు తిప్పిన ఏడాది

హెప్సిబా బాపట్ల సభలో మైకు ముందు నిలబడి దేవుణ్ణి తిట్టిందనీ, చేతిలో ఉన్న వాగ్దానం కార్డు పరపరా చింపి జనం మీదికి విసిరిందనీ, అక్కణ్ణించి తిన్నగా మతం వదిలేసి ఇంటికొచ్చిందనీ మా తెనాలిలో ఒక మాట తిరిగింది. ఆ మాట పాసింజరెక్కి రేపల్లె చేరేసరికి ఇంకా బలిసింది. అక్కడ హెప్సిబా బొట్టు కూడా పెట్టేసుకుంది. పెట్టింది నేనేనట.

ఇదంతా రెండువేల ఆరులో సంగతి. మూడేళ్ళయింది. అయినా మొన్న కూరగాయల బజార్లో ఒకావిడ నా పక్కనే నిలబడి, "మీ వీధిలో దేవుడితో తెగతెంపులు చేసుకున్న టైలరమ్మ ఉందంట కదండీ, ఆవిడ కుట్టిన జాకెట్లు అచ్చిరావంట నిజమేనా?" అంది. వంకాయలు ఏరుతున్నదాన్ని ఏరడం మానేసి అక్కడే మొదలుపెట్టాను. ఆవిడ సగం విని బస్సుకి టైమయిందని వెళ్ళిపోయింది. సగం విన్నవాళ్ళే ఇంత దూరం తెచ్చారు ఈ కథని. అందుకని మొత్తం రాస్తున్నాను. బాపట్ల సభలో మూడో వరసలో ఫ్యానుకి ఎదురుగా కూర్చున్నదాన్ని నేను. హెప్సిబా కార్డు చింపలేదు, విసరలేదు, మతం వదల్లేదు. తిట్టిందా అంటే, చదివి మీరే చెప్పండి.

హెప్సిబా పుట్టిల్లు రేపల్లె. వాళ్ళ నాన్న రైసుమిల్లులో బస్తాల మూతులు కుట్టేవాడు. "ఆయన పనే సుఖం పిన్నిగారూ, బస్తా ఎప్పుడూ చంకలో బిగుతైందని తిరిగి రాదు" అనేది. పెళ్ళయి మా తెనాలి వచ్చింది. మొగుడు శాలేమురాజు హైస్కూల్లో అటెండరు. మాట తక్కువ మనిషి. బడిలో గంట కొట్టీ కొట్టీ ఆ చప్పుడు చాలనుకున్నాడేమో. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే పిట్టగోడ. మా వైపున దాని కిందే బట్టలుతికే రాయి. రాయెక్కితే వాళ్ళ వరండా, వరండాలో కుట్టుమిషను కనిపిస్తాయి. నేను రాయెక్కేది బట్టలారేయడానికి. దండెం అక్కడ లేదనుకోండి, అది వేరే సంగతి.

జాకెట్టు కుట్టడంలో హెప్సిబా అంతటి మనిషి తెనాలిలో లేదు. అందరు టైలర్లూ పాత ఆది జాకెట్టు తెమ్మంటారు. హెప్సిబా ఒప్పుకోదు. "ఆది జాకెట్టు మూడేళ్ళ కిందటి మిమ్మల్ని చూపిస్తుంది. నాకు ఇవాళ్టి మీరు కావాలి" అని టేపు తీస్తుంది. టేపు ఒంటికి తగలగానే ఏ ఆడదైనా ఏం చేస్తుంది? ఊపిరి బిగబడుతుంది. నేనూ అంతే.

"ఊపిరి వదలండి పిన్నిగారూ."

"వదిలాగా."

"వదల్లేదు. మీరు వదిలేదాకా నాకేం తొందరలేదు" అని టేపు మెళ్ళో వేసుకుని, చేతులు కట్టుకుని, నా మొహంలోకి చూస్తూ నిలబడేది. ఎంతసేపని బిగబడతాం? బుస్సుమని వదిలేదాన్ని. టేపు రెండు వేళ్ళు జరిగేది. "ఆ, ఇదీ మీరు" అనేది. నాకు ఒళ్ళు మండేది. కానీ పండగరోజున ఆ జాకెట్టు తొడుక్కుంటే కోపం పోయేది. చెయ్యెత్తి దీపం పెట్టినా ఎక్కడా పట్టేది కాదు.

ఆవిడకి ఇంకో పేరుంది, ప్రార్థనలో. వాళ్ళ చర్చి స్త్రీల సమాజంలో ఎవరింట్లో ఏ శుభం జరిగినా హెప్సిబా చేతే ప్రార్థన చేయించేవాళ్ళు. వాళ్ళ మనవడి పుట్టినరోజుకని సరోజ టీచరు పిలిస్తే నేనూ వెళ్ళాను ఒకసారి. సరోజ టీచరంటే ఆ సమాజానికి సెక్రటరీ, ఎవరు ఏ వరసలో కూర్చోవాలో కూడా ఆవిడే చెబుతుంది. ఆ రోజు హెప్సిబా కళ్ళు మూసుకుని మహోన్నతం, సింహాసనం, పాదసన్నిధి అంటూ రేడియోలో వార్తలు చదివినట్టు గడగడా చదివేసింది. సగం నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చాక అడిగాను.

"మీ దేవుడికి అంత కష్టమైన తెలుగు వచ్చా అమ్మాయ్?"

"ఆయనకొచ్చండి, నాకే రాదు. మా అమ్మ దగ్గర నేర్చుకున్నది అప్పజెబుతుంటాను" అని నవ్వింది.

ఇక కార్డు సంగతి. వాళ్ళలో ఒక ఆచారముంది. డిసెంబరు ముప్పై ఒకటిన చర్చికెళ్ళి కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టగానే ఒక బుట్టలోంచి తలా ఒక కార్డు తీసుకుంటారు. చిన్న రంగుకార్డు, దానిమీద దేవుడి మాట ఒకటి అచ్చువేసి ఉంటుంది. ఎవరికి ఏది వస్తే అది ఆ ఏడాదంతా వాళ్ళకి వాగ్దానం. దాన్ని గోడకి పెట్టుకుని రోజూ చదువుకుంటారు. రెండువేల ఆరు మొదలయ్యే ముందు నేనూరుకోక, "నా పేరు మీద కూడా ఒకటి తీయవే" అన్నాను. పాపం, తీసి తెచ్చింది. హెప్సిబా కార్డు మీద చేతిపనిని దీవిస్తానని ఉంది. టైలరుకి అంతకంటే ఏం కావాలి! మిషను మీదున్న గోడకి మేకు కొట్టి, కార్డుకి దారం కట్టి దానికి వేలాడదీసుకుంది. నా కార్డు మీద నోటికి కాపలా పెట్టమని దేవుణ్ణి వేడుకునే మాట ఉంది.

"కావాలనే ఏరి తెచ్చావు కదూ?" అన్నాను.

"కళ్ళు మూసుకునే తీశానండీ" అంది గానీ, శాలేమురాజు మాత్రం వరండాలోంచి లేచి లోపలికెళ్ళిపోయాడు, నవ్వాపుకోలేక.

ఆ ఏడే చికున్‌గున్యా వచ్చింది. మర్చిపోయుండరు. మా వీధిలో ఎవరు నడిచినా గోడ పట్టుకునే నడక. ఇడ్లీబండాయన స్టూలు మీద కూర్చుని మళ్ళీ లేవలేక, "అమ్మా, ప్లేటు మీరే తీసుకుని, చట్నీ మీరే వేసుకుని, నన్ను కొంచెం లేపి పొండి" అనేవాడు. నాకు మూడు వారాలు చీలమండలు వాచాయి. రాయెక్కడానికి లేకపోయింది. ఆ మూడు వారాల్లో వీధిలో ఏం జరిగిందో ఈనాటికీ నాకు సరిగ్గా తెలీదు.

అందరికీ నెలలోనో రెండు నెలల్లోనో సర్దుకుంది. హెప్సిబాకి జ్వరం పోయింది గానీ పది వేళ్ళూ మొగ్గల్లా ముడుచుకుపోయాయి. అదీ ఎప్పుడు? శ్రావణమాసం ముందు. వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వాల్సిన జాకెట్టు ముక్కలు మిషను పక్కన పరుపంత గుట్ట పడి ఉన్నాయి. ఒకళ్ళ వెనక ఒకళ్ళు రావడం మొదలుపెట్టారు. "ఏమనుకోకు హెప్సిబా, పండక్కి కావాలి, వేరేచోట ఇస్తాను." "అయ్యో, తీసుకెళ్ళండి అక్కా, దానికేముంది" అని నవ్వుతూ, వేళ్ళతో పట్టుకోలేక రెండు మణికట్ల మధ్య పెట్టి ఇచ్చేది. చివరి ముక్క వెళ్ళిపోయిన సాయంత్రం మిషను ముందు కూర్చుని సూదిలోకి దారమెక్కించబోయింది. ఎన్నిసార్లు ప్రయత్నించిందో. నేను గోడ మీంచి చూస్తున్నాను. చూస్తున్నానని ఆవిడకి తెలుసు. అయినా ఆ పూట నన్ను చూసి నవ్వలేదు.

డాక్టరు మాత్రలిచ్చి, కొందరికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా పట్టొచ్చు అన్నాడట. "మళ్ళీ మామూలుగా అవుతాయా?" అంటే "చూద్దామమ్మా" అన్నాడట. ఆ చేతులు మళ్ళీ కత్తెర పడతాయా పట్టవా, ఆ ఇంట్లో అదొక్కటే ప్రశ్నయి కూర్చుంది. నిమ్మకాయ పిండలేదు. జడ వేసుకోలేదు. పొద్దున్నే నేను వెళ్ళి జడ వేసేదాన్ని, శాలేమురాజు కాఫీగ్లాసు నోటికందించేవాడు. చర్చిలో మాత్రం ఎవరడిగినా, "దేవుడి దయవల్ల బాగున్నానండి" అనేది.

ఒకరోజు తెల్లవారాక బట్టలు నానబెడుతుంటే గోడ అవతలనుంచి హెప్సిబా గొంతు.

"ఏంటి, చదువు. నువ్వు రాసిందేగా? ఏం రాశావో నువ్వే చదువు!"

నా చేతిలో సబ్బు జారిపోయింది. ఆహా, ఇన్నాళ్ళకి శాలేమురాజుని నిలదీసింది, వాడేం కాగితం రాశాడో అనుకున్నాను. మీరైనా అదే అనుకుంటారు.

"ఎన్నాళ్ళిలా నోరు మెదపకుండా కూర్చుంటావు? చేతులు దీవిస్తానన్నావు. ఇవేనా దీవించిన చేతులు? చూడు. ఇటు చూడు!"

తొంగిచూడకుండా ఎలా ఉంటాను? చీలమండ నొప్పి కూడా తెలీలేదు, రాయెక్కేశాను. అప్పుడే వీధిలోంచి శాలేమురాజు నీళ్ళబిందె భుజాన పెట్టుకుని గేటు తీస్తున్నాడు! మరి లోపల ఎవరు? హెప్సిబా ఒక్కతే. కార్డు ముందు నిలబడి రెండు చేతులూ దాని ఎదురుగా పట్టి ఉంది, మచ్చపడ్డ మామిడికాయ చూపించి మార్చమని కూరగాయలామెని నిలదీసే గిరాకీలాగా. తర్వాత మణికట్టుతో ఆ కార్డుని దారం మీదే వెనక్కి తిప్పి, అచ్చున్న వైపు గోడకి ఆనించింది.

"నేను చదివీ చదివీ అలిసిపోయాను. ఇక నువ్వు చదువుకో" అంది. అని, కొంగుతో మొహం తుడుచుకుని, "ఆమెన్" అంది.

అదీ నేను చూసింది. శాలేమురాజు బిందె దించి నావైపు చూశాడు.

"రోజూ ఇంతేనా అల్లుడూ?" అన్నాను మెల్లగా.

"వారమైందండి అత్తయ్యగారూ. నాతో పోట్లాడటం మానేసింది. అక్కడే సరిపోతోంది" అన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, నోట్లో నవ్వుంది. వాడంత పెద్ద మాట మాట్లాడటం నేనప్పుడే వినడం.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఆ ముచ్చట నేను పాలు పోసే ఆవిడకి చెప్పాను. ఒక్కదానికే చెప్పాను. ఎవరితోనూ అనొద్దని కూడా చెప్పాను. కాపలా పెట్టమన్న కార్డు మా పూజగదిలో పంచాంగం వెనకాల ఉండిపోయింది మరి.

దసరా వెళ్ళాక సరోజ టీచరు వచ్చింది. బాపట్లలో మూడురోజుల సభలున్నాయనీ, బర్నబాస్ గారని ఒక ప్రసంగీకులు వస్తున్నారనీ, ఈ కీళ్ళనొప్పుల వాళ్ళ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తారనీ చెప్పింది.

"నువ్వు రావాల్సిందే హెప్సిబా. ప్రార్థన చేసే మనిషివి, నువ్వే ఇలా ఉంటే సమాజానికి ఎంత నామర్దా!"

"వస్తానండి టీచరుగారూ. చేతులు బాగుచేస్తానంటే ఎక్కడికైనా వస్తాను."

నాకూ బాపట్లలో చిన్నాన్న కూతురుంది. చూసి ఆరేళ్ళయింది. చూడాలని సరిగ్గా అప్పుడే గట్టిగా అనిపించింది. ఎనిమిదిమందిమి పొద్దున రైలెక్కాం. నేను పులిహోర కలిపి తెచ్చాను. నిడుబ్రోలు దాటకముందే గిన్నె ఖాళీ. సరోజ టీచరు, "కోటేశ్వరమ్మగారూ, ఇంగువ ఒక పిసరు ఎక్కువైంది" అంటూనే మూడోసారి పెట్టించుకుంది. హెప్సిబాకి నేనే నోట్లో పెట్టాను. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. వాగ్దానం కార్డు గోడమీంచి తీసి చేతిసంచిలో పెట్టుకొచ్చింది.

"అదెందుకే?" అన్నాను.

"ఆయనెదురుగా మాట వస్తే సాక్ష్యం ఉండాలి కదండీ" అంది.

సభ పెద్దది. షామియానాలు, కుర్చీలు, వేదిక పక్కన నిలువెత్తు ఫ్యాను. చిన్నాన్న కూతురింటికి సాయంత్రం వెళ్ళొచ్చులే అని నేనూ కూర్చున్నాను. బర్నబాస్ గారు మంచి మనిషిలాగే ఉన్నాడు. గట్టిగా, చాలాసేపు ప్రార్థన చేశాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. ఆఖర్న, "నొప్పి పోయినవాళ్ళంతా విశ్వాసంతో రెండు చేతులూ పైకెత్తండి!" అన్నాడు. షామియానా అంతా చేతులే. సరోజ టీచరు ఎత్తింది. నా చీలమండలు అప్పటికి నెలన్నర కిందటే తగ్గాయి, అందరూ ఎత్తుతుంటే నేనూ ఎత్తాను. హెప్సిబా ఎత్తలేదు.

"ఎత్తవే! కొంచెమైనా తగ్గే ఉంటుంది" అని సరోజ టీచరు మోచేత్తో పొడిచింది.

"కొంచెం కూడా తగ్గలేదండి."

"తగ్గిందనుకుని ఎత్తు. అందరూ చూస్తున్నారు."

ఈ గుసగుసలు చూసి ఒక వాలంటీరమ్మాయి ఈవిడకేదో పెద్ద మేలు జరిగిందనుకుంది. చెయ్యి పట్టుకుని తిన్నగా వేదిక మీదికి తీసుకుపోయింది. బర్నబాస్ గారు మైకు ఈవిడ నోటి దగ్గర పెట్టాడు.

"చెప్పమ్మా, నీ చేతులెలా ఉన్నాయి?"

"పొద్దున రైలెక్కేటప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"విశ్వాసంతో చెప్పు తల్లీ."

"విశ్వాసంతోనే చెబుతున్నానండి. ఆయన ఇక్కడే ఉన్నాడని మీరే అన్నారు. ఎదురుగా ఉన్న మనిషికి లేనిది ఉందని ఎలా చెప్పను?"

  బర్నబాస్ గారు కాసేపు ఆ చేతులవంక చూశాడు. తర్వాత మెల్లగా, "అయితే నువ్వే ప్రార్థన చెయ్యమ్మా" అన్నాడు.

హెప్సిబా కళ్ళు మూసుకుంది. సింహాసనాలూ మహోన్నతాలూ వస్తాయనుకున్నాం అందరం. రాలేదు.

"తండ్రీ, నా చేతులు ఇలా ఉన్నాయి. నాకు నీ మీద కోపంగా ఉంది. చర్చిలో బాగున్నానని చెబుతున్నాను, అది అబద్ధం. జాకెట్టు ముక్కలు వెనక్కిచ్చినప్పుడు నవ్వాను, అదీ అబద్ధమే. నిన్ను వదిలిపెట్టి ఎక్కడికీ పోను. పోయే చోటు లేదు, పోవాలనీ లేదు. కోపం మాత్రం ఉంది. ఇదుగో, నువ్విచ్చిన కార్డు" అని సంచిలోంచి రెండు మణికట్లతో తీసి పైకెత్తింది.

పట్టు నిలవలేదు. కార్డు జారింది. నిలువెత్తు ఫ్యాను గాలికి గిరగిరా తిరుగుతూ మగవాళ్ళ వైపు ఎగిరిపోయింది. అదీ, విసిరిందంటున్న విసరడం.

ఆవిడ ముఖం చూడాలి మీరు. కోపమంతా పోయి, "అయ్యో, నా కార్డు!" అని చంటిపిల్లలా అరిచింది మైకులో. నేను లేచాను. కుర్చీల మధ్యనుంచి వంగి, పాకి, చెప్పులూ కాళ్ళూ తప్పించుకుంటూ వెతికాను. ఒక పెద్దాయన కుర్చీకాలి కింద ఇరుక్కుని ఉంది. ఆయన లేచేదాకా ఆగాలి కదా? ఆగలేదు. లాగాను. మూల చిరిగి చేతికొచ్చింది. కాబట్టి చింపిన మాట నిజమే. చింపింది నేను.

ఆ పెద్దాయనే ఎత్తి ఉన్న చేతులు దించుతూ, "నాక్కూడా మోకాలు తగ్గలేదండి, మొహమాటానికి ఎత్తాను" అన్నాడు పైకే. ఎవరో నవ్వారు. ఇంకొకావిడ చేతులు దించేసింది. తర్వాత ఇంకొన్ని. కోపంతో కాదు, చిత్రంగా, బరువు దించుకున్నట్టు దించారు. బర్నబాస్ గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయనా నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మూడో వరసకి తెలీలేదు, నేనప్పుడు నేలమీదున్నాను. "సరే, మళ్ళీ మొదట్నుంచీ అడుగుదాం, ఉన్నది ఉన్నట్టు" అన్నాడు. ఈసారి ప్రార్థన అరుపుల్లేకుండా చిన్నగా సాగింది. జరిగింది అంతే.

తిరుగు రైల్లో సరోజ టీచరు మాతో మాట్లాడలేదు. వేరే వాళ్ళతో బాగానే మాట్లాడింది. నేను పాలావిడకి చెప్పింది, టీచరు రైల్లో చెప్పింది, ఎగిరిన కార్డు, చిరిగిన మూల, అన్నీ కలిసి వారం తిరక్కుండా రేపల్లె చేరాయి.

రేపల్లెలో హెప్సిబా చెల్లెలు రూతు ఉంది. ఆదివారం చర్చిలో ఎవరో ఆవిడ చెవిన వేశారు. సోమవారం మొదటి బండికి వచ్చేసింది. ఆ పొద్దున నేను హెప్సిబా చేతులకి పసుపు, వెచ్చచేసిన ఆముదం కలిపి మోచేతులదాకా దట్టంగా పట్టించి, ఆముదపాకులు చుట్టబోతున్నాను. మధ్యలో నుదుటి చెమట తుడుచుకున్నానేమో, నా కుంకుమ చేతికంటి అక్కణ్ణించి ఆవిడ చెంపకి కాస్త అంటింది. రూతు గేటు తీసి చూసింది. అక్క చేతులకి పసుపు, మొహాన కుంకుమ, ఎదురుగా నేను!

"అక్కా! నిజమేనన్నమాట!" అని సంచి అక్కడే పడేసి ఒకటే ఏడుపు. "అమ్మ ఉంటే గుండె ఆగి చచ్చుండేది కదే!"

"ఏంటే నీ గోల?"

"మతం మార్చేసుకున్నావంట కదే!"

హెప్సిబా తన చేతులు చూసుకుంది, నన్ను చూసింది, చెల్లెల్ని చూసింది. ఆ రోగం వచ్చిన తర్వాత ఆవిడ కడుపుబ్బా నవ్వడం అదే మొదలు. నవ్వీ నవ్వీ పసుపు చేతులతోనే కళ్ళు తుడుచుకుని, కళ్ళు మండి మళ్ళీ ఏడ్చింది. రూతుకి నిజం తెలిశాక నావైపు తిరిగింది. "పిన్నిగారూ, ఆ పసుపు మిగిలితే నా మోకాలికి కూడా పెట్టండి. వచ్చేటప్పుడు బండి ఎక్కలేకపోయాను" అంది.

ఆ వారమే వాళ్ళ పాస్టరు జ్ఞానానందం గారు వచ్చారు. టీచరు ఆయన దగ్గరికెళ్ళి, ఇక హెప్సిబా చేత స్త్రీల సమాజంలో ప్రార్థన చేయించకూడదని చెప్పిందట. అయ్యగారికి టీ పెట్టాల్సింది నేనే కాబట్టి వంటింట్లోనే ఉన్నాను.

"దేవుణ్ణి నిలదీస్తున్నావంట కదమ్మా?"

"అవునండి అయ్యగారూ."

"రోజూనా?"

"రోజూనండి. ఆదివారం కాస్త పెందలాడే."

 మూల చిరిగి, గోడవైపు తిరిగి ఉన్న కార్డు చూశాడు. తర్వాత, "ఆదివారం నేను చదివే ప్రార్థనలు బాగుంటాయి. మా ఇంటావిడ చనిపోయిన ఏడాది ఇంట్లో నేను చేసినవి నీ ప్రార్థనల్లాగే ఉండేవి. బయట ఎవరికీ చెప్పలేదు. నువ్వూ ఎవరితోనూ అనకు. స్త్రీల సమాజానికి మాత్రం రా, వచ్చి ప్రార్థన చెయ్యి" అన్నాడు. ఎవరితోనూ అనకు అన్నది హెప్సిబాతో. ఇప్పుడు ఇది ఆయన్ని అడిగే రాస్తున్నాను. "రాయండి కోటేశ్వరమ్మగారూ, మీరు మూడేళ్ళు ఆగడమే అద్భుతం" అన్నారు.

చేతులు ఒక్కరోజులో రాలేదు. కార్తీకంలో గ్లాసు పట్టుకుంది. ఆ తర్వాత తన జడ తనే వేసుకుంది, వంకరగా. ఒకరోజు హుక్కు కుట్టింది. ఒక్క హుక్కు. శాలేమురాజు ఆ జాకెట్టు ముక్క తెచ్చి గోడ మీంచి నాకు చూపించాడు, బళ్ళో బహుమతి వచ్చినట్టు. క్రిస్మస్ ముందు కత్తెర పట్టింది. మొట్టమొదట కుట్టింది నా జాకెట్టే. ఎడమ చెయ్యి కుడి చెయ్యి కంటే అంగుళం పొట్టి. అయినా సంక్రాంతికి అదే వేసుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించాను. సరోజ టీచరు కూడా జాకెట్టు ముక్క పట్టుకొచ్చింది. కొలతకి చెయ్యెత్తమంటే, "అబ్బా!" అంది. బాపట్లలో ఎత్తిన చెయ్యే అది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆ రోజు కూడా నొప్పిగానే ఉంది హెప్సిబా" అంది టీచరు. పసుపూ ఆముదం నేనే పట్టించాను.

ఆ ఫిబ్రవరిలో ఒక పొద్దున నేను కొలతలకెళ్ళాను. మిషను మీద గోడకి పాత కార్డే ఉంది, మూల చిరిగింది. కొత్త సంవత్సరం కార్డు పక్కన పెట్టుకుంది గానీ దీన్ని తియ్యలేదు. ఇప్పుడు అచ్చు మళ్ళీ ఇటువైపుంది. ఎప్పుడు తిప్పిందో నేను చూడకపోవడం ఇప్పటికీ నాకు వెలితే. టేపు తీసింది. ఇక నేనాగలేకపోయాను. ముందు పాలావిడతో నేనన్నది చెప్పేశాను.

"తెలుసు పిన్నిగారూ. పాలావిడ మర్నాడే నాకు చెప్పింది, ఎవరితోనూ అనొద్దని" అంది.

సిగ్గేసింది. అయినా అడిగాను. "నిజం చెప్పవే అమ్మాయ్. నేను మా వెంకటేశ్వరస్వామి ముందు కూర్చుంటే, లోపల ఎంత ఉడుకుతున్నా, చల్లగా చూడు స్వామీ అనే అంటాను. నువ్వు మొహం మీదే అంత అరిచావు. భయం వెయ్యలేదా? అరిచినందుకే చేతులిచ్చాడంటావా?"

హెప్సిబా టేపు నా చుట్టూ తిప్పింది. ఉంగరం వేలు ఇంకా ముడుచుకునే ఉంది.

"అరిచినందుకిచ్చాడో, అరవకపోయినా ఇచ్చేవాడో నాకు తెలీదండి. ఈ ఉంగరం వేలు ఇంకా తెరుచుకోవట్లేదు, దాని సంగతి ఇవాళ పొద్దున కూడా అడిగాను. భయమంటారా, భయమున్నప్పుడే కదండీ సింహాసనం అనీ మహోన్నతం అనీ ఊపిరి బిగబట్టి నిలబడింది. చేతులు పోయాక బిగబట్టే ఓపిక కూడా పోయింది. వదిలేశాను. ఇదీ నేను, చూసుకో అన్నాను. ఆయన టేపు చుట్టేసి వెళ్ళిపోలేదు, అక్కడే నిలబడ్డాడు. నాకు తెలిసింది అంతే. మీరు మాత్రం వచ్చినప్పట్నుంచీ బిగబట్టే ఉన్నారు. వదలండి పిన్నిగారూ, నాకేం తొందరలేదు."